మూడో రోజు నెగిటివ్ ఎందుకొచ్చిందంటే

అమ్మలూ,

కొబ్బరి దింపు కార్మికుడికి జ్వరమొచ్చిన మూడో రోజు ర్యాపిడ్ పరీక్షలో స్క్రబ్ టైఫస్ (గడ్డిలోని పురుగు కుట్టి వచ్చే జ్వరం) లేదని వచ్చి, ఎనిమిదో రోజుకి ఉందని ఎలా వచ్చిందని అడిగావు. కిట్ తప్పేం లేదు. ఆ పరీక్ష వెతికేది క్రిమిని కాదు, దాని మీద ఒళ్ళు తయారుచేసే ఐజీఎం యాంటీబాడీని. అది సాధారణంగా మొదటి వారం చివరికి గానీ పరీక్షకి అందదు.

ఆ లోపల జరిగేది వేరే ఉంది. కుట్టేది గడ్డి నల్లి పిల్ల (మంచం నల్లి కాదు, మైట్), మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది. తుంగ, గరిక పెరిగి ఎలుకలు తిరిగే గట్ల మీద కాచుకునుంటుంది. నొప్పి తెలియదు, అందుకే "ఏం కుట్టలేదండీ" అంటారు. జ్వరం రావడానికి ఆరు నుంచి 21 రోజులు పడుతుంది. తోటలోకి ఎప్పుడు వెళ్ళారని అడిగితే మొన్నటి సంగతే చెబుతారు, నువ్వు మూడు వారాల వెనక్కి అడుగు.

కుట్టినచోట చర్మంలోకి కాపలా కణాలు, అంటే డెండ్రిటిక్ కణాలూ మోనోసైట్లూ వస్తాయి. ఈ జబ్బు తెచ్చే బాక్టీరియా, ఓరియెన్షియా సుత్సుగముషి, ఆ కాపలా వాళ్ళలోనే దూరుతుంది. క్రిమిని పట్టుకున్నామని అవి లింఫ్ గ్రంథులకి వెళ్తే, తమతో పాటు దాన్నీ మోసుకుపోతాయి. దగ్గర్లోని గజ్జల్లోనో చంకలోనో బిళ్ళలు కట్టడం అందుకే. కుట్టినచోట చర్మం చచ్చి, చుట్టతో కాల్చినట్టు నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి అంచు మిగులుతాయి.

మిగతా చాలా గ్రామ్ నెగిటివ్ బాక్టీరియాల పైపొరలో లిపోపాలీశాకరైడ్ అనే కొవ్వు, చక్కెర కలిసిన పదార్థం ఉంటుంది. ఒళ్ళు ముందు దాన్నే పసిగట్టి గోల చేస్తుంది. దీనికి అది లేదు. కణం మింగిన సంచిలోంచి కూడా త్వరగా తప్పించుకుని కణద్రవంలో తిరుగుతుంది. అయినా మన కణాల్లో క్రిముల్ని గుర్తుపట్టే టీఎల్ఆర్2, నోడ్1 లాంటి గ్రాహకాలు ఆనవాలు పడతాయి. ఇంటర్‌ఫెరాన్లు, టీఎన్ఎఫ్ అనే హెచ్చరిక ప్రోటీన్లు విడుదలవుతాయి. జ్వరం, ఒళ్ళునొప్పులు వీటివల్లే. అసలు పని చేసేవి ఇంటర్‌ఫెరాన్ గామా, సీడీ8 టీ కణాలు. గామా, క్రిముల్ని మింగే మాక్రోఫేజ్ కణాలకి చంపే బలమిస్తుంది, సీడీ8 కణాలు క్రిమి దాగిన కణాన్నే చంపేస్తాయి. ఎలుకల మీద ప్రయోగాల్లో సీడీ8 కణాల లోపమున్నవి తట్టుకోలేకపోయాయి.

చిక్కంతా ఇక్కడే. ఒళ్ళంతా పాకాక క్రిమి దాగేది రక్తనాళాల లోపలి పొరలో. పోరాటమూ అక్కడే జరుగుతుంది కాబట్టి ఆ పొర కారుతుంది: ఊపిరితిత్తుల్లో నీరు, బీపీ పడిపోవడం, మగత. ప్లేట్‌లెట్లూ తగ్గుతాయి. దాన్ని చూసి డెంగీ అని ముద్రవేసి పక్కు వెతకరు. నాకు నచ్చని అలవాటు అది.

కాబట్టి మొదటి వారంలో పరీక్షని నమ్ముకోవద్దు. ఆడవాళ్ళయితే ఆశాని పక్కన పెట్టుకుని గజ్జలు, చంకలు, రొమ్ముల కింద, లంగా బొందు కట్టేచోట, చెవి వెనక దీపం పెట్టి చూడు. నొప్పి లేదు గనక వాళ్ళకీ తెలిసుండదు. పక్కు దొరికితే దాని ముక్క పీసీఆర్‌కి పంపవచ్చు, అందులో క్రిమే ఉంటుంది. దొరకకపోయినా, ఐదు రోజులు దాటిన జ్వరంతో లంక ఊళ్ళ నుంచి వస్తే డాక్టరుగారితో మాట్లాడు. మందు డాక్సీసైక్లిన్, పెద్దవాళ్ళకి 100 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు, ఏడు రోజులు. నిండు గ్లాసు నీళ్ళతో, కూర్చుని మింగాలి. వేసుకోగానే పడుకుంటే అన్నవాహిక పుండు పడొచ్చు. ఐరన్ మాత్రలు, గ్యాస్ మందులతో కలిపి వెయ్యకూడదు. గర్భిణికి అజిత్రోమైసిన్. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎన్ని ఇంజెక్షన్లు పొడిచినా లాభం లేదు, అది దెబ్బకొట్టాల్సిన కణగోడ దీనికి దాదాపు లేదు.

చాలామందికి 48 గంటల్లో జ్వరం దిగుతుంది. దిగకపోతే, ఆయాసం, మూత్రం తగ్గడం, మగత కనిపిస్తే కాకినాడకి పంపించేయ్. తీవ్రమైన జబ్బుకి డాక్సీ, అజిత్రో రెండూ సెలైన్‌లో కలిపి ఇస్తే ఒక్కోటి ఇచ్చినదానికంటే మేలని మన దేశంలో జరిగిన ట్రయల్‌లో 2023లో తేలింది.

ఇంకోటి. ఒకసారి వచ్చిందని మళ్ళీ రాదనుకోకు. యాంటీబాడీలు ఎక్కువగా పట్టుకునేది 56 కిలోడాల్టన్ల బరువున్న, క్రిమి పైపొర ప్రోటీన్‌ని. కార్ప్, కాటో, గిలియం అని క్రిమిలో రకాలున్నాయి, రకానికో తీరుగా ఉంటుందది. అదే రకం మీద రక్షణ కొన్నేళ్ళుంటుంది, వేరేదాని మీద కొన్ని నెలలే. టీకా కూడా ఇందుకే కుదరడం లేదు. ఐజీఎం నెలల తరబడి నిలుస్తుంది కూడా, అందుకని పాజిటివ్ వచ్చినవాళ్ళని పోయిన దింపుల్లో జ్వరమొచ్చిందా అని అడిగి రిజిస్టర్లో రాయి.

నాన్న