విషయం: ‘పరిష్కారమైంది’ అని మీరు మూసేసిన నా ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజరు గారికి,

మే నెలాఖరులో మీరు నెల్లూరుకు పంపిన డైబ్యూటైల్ టిన్ డైక్లోరైడ్ సీసా గురించి రాస్తున్నాను. అది సుమారు 40 డిగ్రీలకే కరిగే టిన్ రసాయనం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మా వైపు. ఆ ఎండల్లో ఒక్క ఐస్ ప్యాకన్నా పెట్టకుండా పంపారు. దారిలో కరిగి, మూత సందుల్లోంచి కారి, మళ్లీ గడ్డకట్టి చేరింది. సరే, పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి. నా మంట ఆ తర్వాత జరిగినదాని మీద.

మొదట ఫోనెత్తిన అబ్బాయి మహా మర్యాదస్తుడు. "ఫ్రిజ్‌లో పెట్టండి సార్, గట్టిపడుతుంది" అన్నాడు. నేను సార్‌ని కాదు, అది కుల్ఫీ కాదు. మూత వదులై తేమ తగిలిన సరుకు పనికిరాదని వివరంగా చెప్పాను. అంతా విని "ఓకే సార్" అన్నాడు.

తర్వాతి ఆవిడ, నెల్లూరు చెన్నై ఆఫీసు కిందికి వస్తుందంది. చెన్నై వాళ్లు ఆంధ్రా కాబట్టి హైదరాబాద్‌ని అడగమన్నారు. హైదరాబాద్ వాళ్లు తెలంగాణ మాత్రమే చూస్తారట, విజయవాడ డీలరు నంబరిచ్చారు. ఆయన బిల్లు చూసి "ఇది చెన్నైలో కొట్టిన బిల్లు కదమ్మా" అన్నాడు. మా ఊరు ఎవరి కిందికి వస్తుందో మీరంతా ఒకచోట కూర్చుని తేల్చుకోండి, తొందరేం లేదు!

ఇంకొకాయన సీసాను మామూలు కొరియర్‌లో వెనక్కి పంపమన్నాడు. వేదాయపాళెంలో కొరియర్ కుర్రాడు లేబుల్ మీద పుర్రె గుర్తు చూసి డబ్బా ముట్టుకోలేదు. మీ ఉద్యోగికి తెలియని సంగతి వాడికి తెలిసింది. ఆ మాటే మెయిల్లో రాస్తే వచ్చిన జవాబు: "మీ సమస్య పరిష్కారమైంది. మా సేవకు రేటింగ్ ఇవ్వండి."

మా గైడ్ గారు తన పీహెచ్‌డీ రోజుల నుంచీ మీ సరుకే వాడుతున్నారు. చౌకగా ఇస్తామని వేరేవాళ్లు ల్యాబ్ చుట్టూ తిరిగినా ఇండెంటులో మీ పేరే రాస్తారు. దానికి దక్కిన గౌరవం ఇది. నేను షిఫ్ బేస్ లైగాండ్, అంటే టిన్‌ను పట్టుకునే అణువు, తయారుచేసుకుని కూర్చున్నాను. మీ టిన్ రసాయనంతో కలిపి మిథనాల్‌లో రిఫ్లక్స్ చేయాలి (ఆవిరి బయటికి పోకుండా మరిగించాలి), ద్రావణం మెల్లగా ఆరుతుంటే స్ఫటికాలు పెరగాలి, అవి ఎక్స్‌రేకి వెళ్తేనే టిన్ చుట్టూ ఐదు బంధాలు ఎలా అమరాయో తెలిసేది. స్ఫటికం లేక ఆ ఎక్స్‌రే స్లాటూ పోయింది. బతిమాలి తెచ్చుకున్న స్లాటు అది. మీ టికెట్ నంబరు చూపిస్తే మళ్లీ ఇస్తారా?

కొత్త సీసా పంపుతారో, డబ్బు తిరిగిస్తారో మీ ఇష్టం. కానీ జవాబు మాత్రం పేరూ సంతకమూ ఉన్న మనిషి రాయాలి. ఈసారి కూడా రేటింగ్ అడిగితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. నాకు తెలిసిన ప్రతి కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటుకూ ఈ ఉత్తరం కాపీ పంపుతాను. కారిన సీసా మా ల్యాబ్‌లో విషవాయువుల్ని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లో ఉంది. మీ మనుషులే గ్లవ్స్ వేసుకుని వచ్చి పట్టుకెళ్లాలి.

ఇట్లు,
పరిశోధక విద్యార్థిని (సార్ కాదు),
రసాయనశాస్త్ర విభాగం, నెల్లూరు

జత: బిల్లు, సీసా ఫొటోలు, మీ మెయిళ్లు