టీకాల లెక్కలు కడుతున్న అమ్మాయికి

చి. సుమకు,

అమ్మ ఆశీస్సులు. నీ పరిశోధన గురించి ఫోనులో చెబుతుంటే పక్కనే నాన్నగారి టీవీ మోగుతోంది, సరిగా మాట్లాడలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

టీకాలు కొద్దిగా ఉండి జనం ఎక్కువైనప్పుడు ముందు ఎవరికి వేయాలో కంప్యూటర్ చేత లెక్క కట్టిస్తున్నానన్నావు. మంచి పనే. అయితే దాన్ని నువ్వు ఏమని అడుగుతున్నావు? కోవిడ్ సమయంలో అమెరికాలో కట్టిన లెక్కల సంగతి నువ్వే చెప్పావు: చావులు తగ్గాలంటే 60 దాటినవారికి ముందు వేయాలి, వ్యాప్తి తగ్గాలంటే 20 నుంచి 49 ఏళ్లవారికి. రెండూ సరైన జవాబులే. ఏది కావాలో కంప్యూటర్ చెప్పదు కదా.

2020 డిసెంబరులో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ ఆసుపత్రిలో జరిగినది చదివాను. మొదటి విడత 5,000 డోసుల జాబితాలో రెసిడెంట్ డాక్టర్లు, అంటే ఇంకా శిక్షణలో ఉన్నవాళ్లు, ఏడుగురే. వాళ్లేమో 1,300 మందికి పైగా ఉన్నారు. వయసును, పనిచేసే చోటును బట్టి మార్కులు వేశారట. కుర్రవాళ్లు కనుక వయసు మార్కులు రాలేదు. ఒక వార్డుకు కట్టుబడకుండా తిరుగుతుంటారు కనుక చోటు మార్కులూ రాలేదు. కోవిడ్ రోగుల మంచాల దగ్గర రాత్రుళ్లు గడిపేవాళ్లే అడుగుకు పోయారు. వాళ్లు నిరసనకు దిగాక, తప్పు ఆల్గోరిథంది, అంటే ఆ మార్కులు కూడిన లెక్క సూత్రానిదని పెద్దలు చెప్పారు. చదివి నాకు ఒళ్లు మండింది. ఆ మార్కులు ఎంతెంతో నిర్ణయించింది మనుషులే కదా!

మన దగ్గర 2021 మేలో 18 దాటినవారికి టీకా తెరిచినప్పుడు మొదట ఆన్‌లైన్ స్లాటు తప్పనిసరి చేశారు. ఫోను చేతిలో ఉండి, వేళ్లు చురుగ్గా ఆడినవాడికి దక్కింది. స్మార్ట్‌ఫోను లేనివాళ్ల సంగతేమిటని చివరికి సుప్రీంకోర్టు అడగవలసి వచ్చింది.

ఇక టీకాలు వేయడానికి తిరిగినప్పుడు నాకు తెలిసిన సంగతి. కోవిషీల్డ్ వయల్‌లో, అంటే మందు సీసాలో, 10 డోసులుండేవి. తెరిచాక నాలుగు గంటల్లో వాడేయాల్సి వచ్చేది, మిగిలినవి పనికొచ్చేవి కావు. తండాకు వెళితే ఒక్కోసారి ఆరుగురే వచ్చేవారు, అందరూ ముసలివాళ్లే. ఏ లెక్క ప్రకారమైనా వాళ్లే ముందు. తెరిస్తే నాలుగు డోసులు వృథా, తెరవకపోతే ఆరుగురూ ఉత్తచేతులతో వెనక్కి. అప్పుడు ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి మరో నలుగురిని బతిమాలి తీసుకొచ్చేది. వాళ్లలో ఒకరిద్దరు పొలం నుంచి బురద కాళ్లతోనే వచ్చేవారు. డోసు నేలపాలు కాకూడదన్నదే మా ఆత్రం.

నీ ప్రోగ్రాములో ఆ నాలుగు గంటలు ఉన్నాయా? వయల్‌కు ఎన్ని డోసులో, ఊరికి ఎందరు వస్తారో ఉందా? లేకపోతే ఒక బుధవారం ఇక్కడికి రా. ఉపకేంద్రంలో ఇప్పుడున్న ఏఎన్‌ఎంతో (టీకాలు వేసే నర్సమ్మతో) మాట్లాడి పెడతాను, పిల్లల టీకాల దగ్గర పూటంతా కూర్చో. కావలసినవన్నీ రాసుకోవచ్చు.

నాన్నగారి బీపీ అదుపులోనే ఉంది. పచ్చడి సీసా శనివారం బస్సులో పంపుతాను.

అమ్మ