కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: బంప్‌లు, మూతలు, మిగిలిన పనులు

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది వార్డు సచివాలయంలోనూ, సోమవారం పీజీఆర్‌ఎస్‌ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక)లోనూ సంఘం ఇచ్చిన అర్జీల్లో పెద్ద పనుల ఊసే లేదు. ‘మా వీధి ప్రమాదంగా ఉంది’ అని రాసిస్తే కాగితం ఫైల్లో పడుకుంటుంది. స్తంభం నంబరు, టేపుతో తీసిన కొలత, ఫొటో జతచేస్తే ఎవరు ఏం చేయాలో అక్కడే తేలిపోతుంది.

ముందు బంప్‌ల సంగతి. ఇంటి ముందు సొంతంగా సిమెంటుతో పోసుకున్న దిమ్మలు తీయించమని సంఘమే అడిగింది. కొందరికి కోపం వచ్చిందని తెలుసు. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి బంప్ వెడల్పు 3.7 మీటర్లు, నడిమి ఎత్తు 10 సెంటీమీటర్లు. ఆ వాలు మీద 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి అట్టే కుదుపు లేకుండా దాటుతుంది. మనం పోసేది జానెడు వెడల్పు, ఎత్తూ ఇంచుమించు అంతే. దాన్ని చక్రం ఎక్కదు, గుద్దుకుంటుంది. స్కూటర్ వెనక ఒక పక్కకు కూర్చున్నవాళ్లు జారిపడేది అక్కడే. పైగా వాననీరు దిమ్మకు ఆనుకుని నిలిచి తారు కిందికి దిగుతుంది, నెల తిరక్కుండా పక్కనే గుంత. బంప్ కావాలంటే కార్పొరేషన్‌నే అడుగుదాం, హెచ్చరిక బోర్డు, రాత్రి మెరిసే పెయింటుతో సహా.

మ్యాన్‌హోల్ మూతల్లో గ్రేడు చూడాలి. భారత ప్రమాణం ఐఎస్ 12592 ప్రకారం మోసే బరువును బట్టి కాంక్రీటు మూతలు నాలుగు రకాలు: ఎల్‌డీ 2.5 టన్నులు, ఎండీ 10, హెచ్‌డీ 20, ఈహెచ్‌డీ 35. ఆ అక్షరాలు మూత మీదే అచ్చై ఉంటాయి. ఎల్‌డీ మూత తెచ్చి నీళ్ల ట్యాంకర్ తిరిగే దారిలో వేస్తే విరగక ఏం చేస్తుంది? మన ఊళ్లో ఉప్పుగాలి బెడద అదనం. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. అంచు వెంట గోధుమరంగు గీత కనిపిస్తే అదే మొదటి గుర్తు, అప్పుడే ఫొటో తీయండి. జడివానకు కొండ నీళ్లు వీధిలో నిలిస్తే మూత ఎత్తి గెడ్డకు (వాగుకు) వదిలేద్దామనే ఆలోచన మానండి. మోకాలి లోతు నీళ్లలో తెరిచిన గుంత ఎవరికీ కనపడదు.

రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. యంత్రం వచ్చేదాకా ఆగండి, సహాయవాణి 14420. ‘వాసన రావట్లేదు కదా’ అనే మాట నమ్మొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముందు ముక్కునే మొద్దుబారుస్తుంది.

కుక్కల మీద ఫిర్యాదులు ఎప్పటిలాగే వచ్చాయి. కేంద్రం 2023లో తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన వీధికుక్కను పట్టిన చోటే వదలాలి, పక్క వీధికి తరిమితే లాభం లేదు. చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయినట్టే. ఆ నిబంధనల ప్రకారం తిండి పెట్టే చోటును సంఘమే చూపించాలి, మెట్ల దగ్గరా పిల్లలు ఆడుకునే చోటా కాకుండా. అది ఇంకా తేల్చలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రేకులు, హోర్డింగులు ఎలా ఎగిరాయో చూసినవాళ్లమే. డాబాల మీది వదులు రేకులు, ఖాళీ ట్యాంకులు సెప్టెంబరు ఆఖరుకే కట్టేయాలి. ఇంకా కట్టనివాళ్లకు ఇంటింటికీ చెప్పాల్సిన పని ఈ కమిటీ మీదే ఉంది. గెడ్డ పక్క సందులో మూతల కొలతలు కూడా తీయాల్సి ఉంది, టేపు పట్టుకోవడానికి ఇద్దరు కావాలి.