నాకు ఎంపతీ ఉందా అని అడిగావు కదా

అమ్మలూ,

ఆటిజం ఉన్న నాకు ఎంపతీ, అంటే ఎదుటివాళ్ల బాధను పట్టించుకునే మనసు, ఉందా అని అడిగావు. జవాబు ముందే రాసేస్తున్నాను. ఉంది. ఎందుకలా అంటున్నానో కింద చదువు. ఎదురుగా కూర్చుని వినడం కంటే చదవడమే నీకు ఇష్టం కాబట్టి రాస్తున్నాను. సామెతలు వాడను. గుంటూరులో పుట్టినవాడికి అది కష్టమే, అయినా చూస్తాను.

మొన్న బ్రాడీపేటలో మీ అత్త అన్నది నువ్వు విన్నావు. "పెదనాన్న పోతే ఒక్క చుక్క కన్నీరు లేదు, ఈ పిల్లకి మనసే లేదు" అంది. అందరూ ఏడుస్తుంటే నువ్వు ఫ్రీజర్ బాక్స్ తెచ్చిన అబ్బాయి దగ్గరికి వెళ్లి, కరెంటు పోతే ఇది ఎంతసేపు చల్లగా ఉంటుందని అడిగావు. ఎందుకు అడిగావో నాకు తెలుసు. అమెరికా నుంచి మీ అన్నయ్య మర్నాటికి గానీ రాడు. అసలే మే నెల, గుంటూరు. నువ్వు అడిగిన తర్వాతే ఎవరికో తట్టి జనరేటర్ తెప్పించారు.

మీ అత్తకు తెలియనిది ఇంకొకటుంది. మీ పెద్దమ్మ పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని, షుగర్ మాత్ర కూడా వేసుకోలేదని ఆ ఇంట్లో గమనించింది నువ్వే. రెండు ఇడ్లీలు, మాత్ర, మంచినీళ్లు ఆవిడ పక్కన పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయావు. ఇది పెద్దమ్మే నాకు ఫోన్లో చెప్పింది. వాటేసుకుని ఏడ్చినవాళ్లలో ఎవరెవరు వచ్చారో ఆవిడకు సరిగా గుర్తు లేదు. ఇడ్లీ గుర్తుంది.

ఆటిజం ఉన్నవాళ్లకు ఎదుటివాళ్ల మనసు తెలియదు అనే మాట మీ అత్త కనిపెట్టింది కాదులే. 1985లో లండన్‌లో సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఉటా ఫ్రిత్ అని ముగ్గురు పరిశోధకులు పిల్లలకు రెండు బొమ్మలతో ఒక కథ చూపించారు. శాలీ అనే బొమ్మ తన గోళీని బుట్టలో పెట్టి బయటికి వెళ్తుంది. ఆన్ అనే రెండో బొమ్మ దాన్ని తీసి పెట్టెలో దాస్తుంది. తిరిగొచ్చిన శాలీ గోళీ కోసం ఎక్కడ వెతుకుతుంది? ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది పెట్టెలో అని తప్పు చెప్పారు. శాలీ అది చూడలేదు కాబట్టి బుట్టలో అనాలి. ఆ పరీక్ష చూసింది ఊహను: ఎదుటివాళ్లకు ఏం తెలుసో, ఏం తెలియదో అంచనా వెయ్యడాన్ని. శాలీ గోళీ పోయిందని ఆ పిల్లలు బాధపడ్డారా లేదా అని ఎవరూ అడగలేదు. జనం మాత్రం ఆ రెండింటినీ కలిపేసి, అంచనా వెయ్యలేనివాళ్లకు జాలి కూడా ఉండదని తేల్చేశారు. నా దృష్టిలో ఇది చాలా అన్యాయమైన తొందరపాటు.

నీకు కష్టమయ్యేది ఆ అంచనా వెయ్యడమే. అది నిజం, దాచను. మన ఇళ్లలో సగం విషయాలు నోటితో చెప్పరు. "ఫర్వాలేదులే" అంటే ఒక్కోసారి ఫర్వాలేదనే అర్థం, ఒక్కోసారి బాగా కోపం వచ్చిందని అర్థం. మీ అమ్మ ఆ మాట అన్నప్పుడు వాటిలో ఏ అర్థమో చెప్పడం ఇరవై ఏళ్ల తర్వాత నాకూ టెన్షనే. అందుకని నువ్వు సూటిగా అడుగు: "నీకు బాధగా ఉందా? నేను పక్కన కూర్చోనా, వెళ్లిపోనా?" దగ్గరివాళ్లెవరూ దీనికి నొచ్చుకోరు.

మరో విషయం. గుంటూరు నుంచి వచ్చాక రెండు రోజులు కడుపులో నొప్పి అన్నావు, అన్నం ముట్టలేదు. నాకైతే అది పెదనాన్న కోసమే అనిపించింది. తనలో కలుగుతున్నది దుఃఖమా, భయమా, ఆకలా అని తనకే తెలియకపోవడాన్ని అలెక్సితీమియా అంటారు. ఆటిజం ఉన్న అందరికీ ఉండదు గానీ, మిగతావాళ్లలో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. కన్నీళ్లు రాలేదంటే బాధ లేదని కాదు. ఈసారి నొప్పి వస్తే నాకు చెప్పు. మాత్ర అవసరమా, పెదనాన్న గురించి కాసేపు మాట్లాడుకోవడం అవసరమా, ఇద్దరం కలిసి చూద్దాం.

ఇక రెండో వైపు. డామియన్ మిల్టన్ అని బ్రిటన్‌లో ఒక పరిశోధకుడు, ఆయనకూ ఆటిజం ఉంది. 2012లో ఆయన ఒక వాదన రాశాడు, దాన్ని డబుల్ ఎంపతీ ప్రాబ్లమ్ అంటారు. అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటుందని అందులో సారాంశం. నీకు మీ అత్త ముఖం అర్థం కాలేదు, మీ అత్తకు నీ ముఖమూ అర్థం కాలేదు. లోపం మాత్రం నీకొక్కదానికే అంటగట్టారు. 2017లో అమెరికాలో నోవా సాసన్ బృందం ఇంకొకటి చూపించింది. ఆటిజం ఉన్నవాళ్ల వీడియోని కొద్ది సెకన్లు చూసినవాళ్లు, మిగతావాళ్లతో పోలిస్తే వీళ్లతో మాట్లాడాలని తక్కువగా ఉందన్నారు. అవే మాటల్ని కాగితం మీద మాత్రమే చదివినవాళ్లలో ఆ చిన్నచూపు కనబడలేదు. చెప్పిన మాటల్లో తేడా లేదన్నమాట.

మీ అత్తకు ఇడ్లీ సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయినా ఒక్క చుక్కైనా..." అంది. ఆవిడకు ఇంకా టైమ్ పడుతుంది. నువ్వు మాత్రం ఆవిడ కోసం ఏడుపు నటించడం నేర్చుకోవద్దు. టెన్త్ దాకా పక్కపిల్లల్ని చూసి నవ్వుతూ, తలూపుతూ నెట్టుకొచ్చావు. నీకు ఆటిజం ఉందని తెలియడం ఆలస్యమైందీ అందుకే, ఇంటికి రాగానే గంటలకొద్దీ పడుకునేదానివీ అందుకే.

ఆదివారం పెద్దకర్మ. జనం బాగా ఉంటారు, మైకు కూడా ఉండొచ్చు. మేడ మీద వెనక గది నీ కోసం ఖాళీగా ఉంచమని పెద్దమ్మని అడిగాను, తాళంచెవి మన దగ్గరే ఉంటుంది. ఇయర్‌ప్లగ్స్ తెచ్చుకో. విజయవాడ పటమట నుంచి ఏడింటికి బయల్దేరితే కాజ టోల్‌గేట్ దగ్గర రద్దీ పెరగక ముందే దాటేస్తాం. భోజనాలు కాగానే వచ్చేద్దాం. రావాలని లేకపోతే శనివారం రాత్రి తొమ్మిదిలోపు చెప్పు, కారణం అక్కర్లేదు. పెద్దమ్మకి నేను చెబుతాను.

నాన్న