డాక్టరమ్మ ఎక్కడున్నారో చెప్పని ఆసుపత్రి యాజమాన్యానికి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
హైదరాబాద్.

విషయం: నాకు వైద్యం చేసే డాక్టరు మారిన సంగతి దాచిపెట్టడం, మొదటి కాన్పు ఆపరేషన్ కాగితాలు ఇవ్వకపోవడం, ఎన్నిసార్లు అడిగినా జవాబు చెప్పకపోవడం గురించి.

ఆర్యా,

రెండున్నరేళ్ల కిందట మా బాబు మీ ఆసుపత్రిలోనే పుట్టాడు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని, ఖమ్మం తీసుకెళ్తానని మా అమ్మ ఎంత పట్టుబట్టినా, మీ డాక్టరమ్మ గారి మీద నమ్మకంతో నేను హైదరాబాద్‌లోనే ఉండిపోయాను. ఆ తర్వాత మా ఆడపడుచును, మా ఆఫీసులో పనిచేసే అమ్మాయిలను కూడా మీ దగ్గరికే పంపించాను. అందువల్ల మళ్లీ నెల తప్పిందని తెలియగానే ఇంకో ఆసుపత్రి పేరైనా తలచుకోకుండా, మీ యాప్‌లో ఆ డాక్టరమ్మ గారి పేరు మీదనే అపాయింట్‌మెంట్ తీసుకుని డబ్బు కట్టాను. ఈ ఉత్తరం రాస్తున్నది మీ వైద్యంలో లోపం ఉందని కాదు. ఈసారి మీ దగ్గర నా వ్యవహారం వైద్యం దాకా రానే లేదు.

ఆ రోజు గది తలుపు మీద ఆమె పేరే ఉంది, చీటీ మీద ఆమె పేరే ఉంది, లోపల కుర్చీలో మాత్రం వేరే డాక్టరు గారు ఉన్నారు. అడిగితే, "మేడమ్ ఈ రోజు లీవులో ఉన్నారు" అన్నారు నర్సు. మనుషులన్నాక సెలవు పెట్టరా అని సరిపెట్టుకున్నాను. తరువాతి సారి ఆమె కాన్ఫరెన్సుకు వెళ్లారని చెప్పారు. ఆ తరువాత కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, వచ్చే వారం తప్పకుండా ఉంటారని, కావాలంటే ఇప్పుడే బుక్ చేస్తానని ఒక అబ్బాయి ఎంతో ఉత్సాహంగా చెప్పి, బుక్ చేసి, డబ్బు కట్టించుకున్నాడు. చివరికి లిఫ్టు దగ్గర స్టూలు వేసుకుని కూర్చునే ఆయమ్మ నన్ను గుర్తుపట్టి, "ఆ మేడమ్ ఈడ మానేసి చాన్నాళ్లాయె గద బిడ్డా, ఇంకా ఆమె కోసమే తిరుగుతున్నవా?" అని అడిగితే గాని నాకు అసలు సంగతి తెలియలేదు. మీ సంస్థ మొత్తంలో నాకు నిజం చెప్పిన మనిషి ఆమె ఒక్కరే. ఈ ఉత్తరం చదివి దయచేసి ఆమె ఉద్యోగానికి ఎసరు పెట్టకండి.

డాక్టర్లు ఆసుపత్రులు మారడం మామూలే, దాన్ని నేను తప్పు పట్టడం లేదు. ఆమె స్థానంలో వచ్చిన డాక్టరు గారిని కూడా ఏమీ అనను. బయట అంతమంది పేషంట్లను కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి నాలుగు మాటల సమయం కూడా ఇవ్వని పద్ధతి ఆమె పెట్టింది కాదు. మొదటిది సిజేరియన్ అయింది కాబట్టి రెండోది మామూలు కాన్పు అయ్యే వీలుందా అని నేను అడిగాను. "ఇప్పుడే ఎందుకమ్మా, తర్వాత చూద్దాం" అని ఆమె తరువాతి పేరు పిలిపించారు. తెలంగాణలో జరిగే కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఆ లెక్క చదివిన మనిషికి ఇటువంటి ప్రశ్న మొదటి నెలల్లోనే వస్తుంది. జవాబును బట్టే ఏ డాక్టరు దగ్గర పేరు నమోదు చేయించుకోవాలో తేల్చుకుంటుంది. తొమ్మిదో నెలలో డాక్టరును వెతుక్కోవడం ఎవరి వల్లా కాదు.

ఇక ఎనిమిదో వారంలో జరిగినది రాస్తాను. ఒక రాత్రి కొద్దిగా రక్తం కనిపించింది. మీ కాన్పు పుస్తకం అట్ట వెనుక ఎర్రటి అక్షరాలతో ఇరవై నాలుగు గంటల సహాయం అని అచ్చువేసిన నంబరుకు మా వారు ఫోన్ చేశారు. తెలుగు కోసం ఒకటి నొక్కమన్నారు, నొక్కారు. మా కాల్ మీకు ఎంతో ముఖ్యమని ఒక రికార్డు చాలాసేపు చెప్పింది. తరువాత ఒకమ్మాయి వచ్చి సంగతంతా విని, రిజిస్ట్రేషన్ నంబరు, బాబు పుట్టిన తేదీ, నా ఈమెయిల్ అడిగి రాసుకుని, "మేడమ్‌కి మంగళవారం సాయంత్రం స్లాట్ ఉంది, బుక్ చేయమంటారా సర్?" అని అడిగింది. ఏ మేడమ్‌కి అంటే, లేని మేడమ్‌కి. డ్యూటీ డాక్టరుకు ఫోన్ కలపమంటే, ఆ సదుపాయం తన స్క్రీన్ మీద లేదన్నది. పోనీ ఇప్పుడు బయలుదేరి రావాలా, పొద్దున్న దాకా ఆగవచ్చా, అదైనా ఎవరినైనా కనుక్కుని చెప్పమంటే, వైద్య సలహా ఇవ్వడం తమ పాలసీకి విరుద్ధమని చెప్పి, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది. అప్పటిదాకా చేసిన సహాయం ఏమిటో మాకు అర్థం కాలేదు.

ఆ రాత్రి మా ఇంటి దగ్గర, మియాపూర్‌లోనే ఉన్న ఒక చిన్న నర్సింగ్ హోమ్‌కు వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ గారు స్కాన్ చేసి, బిడ్డ గుండె కొట్టుకోవడం చూపించారు. మొదటి మూడు నెలల్లో నూటికి పదిహేను నుంచి ఇరవై ఐదు మందికి కొంత రక్తం కనిపించడం ఉంటుందని, అయినా దాన్ని తేలిగ్గా వదిలేయకూడదని, ముందు సిజేరియన్ అయినవాళ్లకు గర్భం పాత కోత మచ్చ మీద నిలవలేదు కదా అని తొలి స్కాన్‌లోనే చూసుకోవాలని నిదానంగా చెప్పారు. నాది అలా లేదు. నేను మీ దగ్గర అడిగి భంగపడ్డ ప్రశ్ననే ఆమెనూ అడిగితే, తగిన వాళ్లను ఎంచుకుని ప్రయత్నిస్తే నూటికి అరవై నుంచి ఎనభై మందికి మామూలు కాన్పు అవుతుందని, అయితే గర్భసంచి మీద కోత ఏ విధంగా పెట్టారో తెలియకుండా మాట ఇవ్వలేనని అన్నారు. పొట్ట మీద కుట్టు అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపలి కోత కూడా అడ్డంగానే ఉందని చెప్పలేమట. అందుకని ఆపరేషన్ నోట్సు తెమ్మన్నారు. మా దగ్గర ఉన్న డిశ్చార్జి సమ్మరీలో సిజేరియన్ జరిగిందని ఒక్క ముక్క తప్ప ఆ వివరం లేదు.

అక్కడి నుంచి మొదలైంది అసలు ప్రయాణం. రిసెప్షన్‌లో అడిగితే బేస్‌మెంట్‌లో పార్కింగ్ పక్కన ఉన్న రికార్డుల విభాగానికి వెళ్లమన్నారు. అక్కడున్నాయన సెల్‌ఫోన్ మీద నుంచి కళ్లు ఎత్తకుండానే, దరఖాస్తు ఫారం మూడో అంతస్తులో క్వాలిటీ విభాగంలో ఇస్తారన్నారు. మూడో అంతస్తులో భోజన విరామం. విరామం ముగిశాక, ఫారం తమ దగ్గర ఉండదని, బిల్లింగ్‌లో డబ్బు కట్టి రసీదు తెస్తే వాళ్లే ఇస్తారని చెప్పారు. బిల్లింగ్‌లో డబ్బు కట్టించుకోవడానికి మాత్రం ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఫారం నింపి మళ్లీ కిందికి తీసుకెళ్తే, దాని మీద ఆపరేషన్ చేసిన డాక్టరు సంతకం కావాలన్నారు. ఆమె ఇక్కడ పనిచేయడం లేదు కదా అన్నాను. "లేదండీ, మేడమ్ లీవులో ఉన్నారు, వచ్చాక సంతకం పెట్టించుకోండి" అన్నారు. అంటే, మానేశారని మీరు ఒప్పుకోని డాక్టరు తిరిగి వచ్చి సంతకం పెడితే తప్ప, నా పొట్టలో ఏ కోత పెట్టారో తెలుసుకునే హక్కు నాకు లేదు. వేవిళ్లతో మంచినీళ్లు కూడా ఇమడని రోజుల్లో ఆ మెట్లు ఎక్కించి దింపించి మీ సిబ్బంది నాకు నేర్పిన నీతి ఇది.

సరే, ఆమె ఇప్పుడు ఎక్కడ చూస్తున్నారో చెబితే నేనే వెళ్లి అడుగుతానన్నాను. గెస్ట్ రిలేషన్స్ అనే బల్ల దగ్గర ఉన్న అమ్మాయి, అది వ్యక్తిగత సమాచారమని, గోప్యతా విధానం ప్రకారం చెప్పకూడదని చిరునవ్వుతో చెప్పింది. గోప్యత పట్ల మీకున్న శ్రద్ధ గురించి రెండు సంగతులు మనవి చేస్తాను. మూడో నెల నిండేదాకా కడుపుతో ఉన్న సంగతి నలుగురిలో పడకూడదని మా అత్తగారి పట్టుదల. నాకూ అదే మంచిదనిపించింది. అదే అమ్మాయి హాలు మధ్యలో నిలబడి, "మేడమ్, మీకు ఎన్నో నెల? ఎవరి ప్యాకేజీ?" అని అందరికీ వినపడేలా అడిగింది. నా వెనుక వరుసలో మా కాలనీ ఆవిడే ఉన్నారు. మరునాడు మా గేటు దగ్గర నాకు శుభాకాంక్షలు అందాయి. రెండోది, మీ దగ్గర పేరు నమోదు చేయించుకున్న వారం తిరగకముందే, బొడ్డుతాడు రక్తం దాచిపెట్టే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. నా పేరు, నంబరు, కాన్పు ఎప్పుడు కావచ్చో కూడా ఆ కంపెనీ వారికి తెలుసు. డాక్టరు చిరునామా రహస్యం, నా వివరాలు మాత్రం అత్త సొమ్ము అల్లుడు దానం అన్నట్టు పంచిపెట్టేవి.

యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. సంబంధిత విభాగానికి పంపించామని సందేశం వచ్చింది. కొన్నాళ్లకు, ఎవరూ ఫోన్ చేయకుండానే, ఒక్క కాగితం ఇవ్వకుండానే, "మీ సమస్య పరిష్కరించబడినది" అని ఇంకో సందేశం వచ్చింది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూశారు. ఈమెయిల్ రాస్తే, సెలవు కారణంగా జవాబు ఆలస్యం కావచ్చని యంత్రం జవాబిచ్చింది. ఆ తరువాత మీ ఫీడ్‌బ్యాక్ విభాగం నుంచి ఒకాయన ఫోన్ చేసి, ఒకటి నుంచి పదిలోపు మీ సేవలకు ఎన్ని మార్కులు వేస్తానని అడిగారు. నా సంగతి చెప్పబోతే, అది తన పరిధిలోకి రాదని, అంకె ఒక్కటి చెబితే చాలని అన్నారు. అన్నట్టు, మా బాబు పుట్టినరోజుకు టీకాల ప్యాకేజీ మీద తగ్గింపు ఇస్తామని మీ దగ్గరి నుంచి ఏటా క్రమం తప్పకుండా సందేశం వస్తూనే ఉంది. వాడు పుట్టిన తేదీ దొరుకుతుంది, వాణ్ని బయటికి తీసిన ఆపరేషన్ ఫైలు దొరకదు.

ఇప్పుడు నాకు పదో వారం నడుస్తోంది. బిడ్డ మెడ వెనుక మందం చూసే ఎన్‌టీ స్కాన్ పదకొండో వారం నుంచి పదమూడు వారాల ఆరు రోజుల లోపు చేయించాలి, దానితోపాటు డబుల్ మార్కర్ రక్తపరీక్ష కూడా. ఆలోగా ఏ డాక్టరు దగ్గర ఉండాలో నేను తేల్చుకోవాలి. పాత డాక్టరమ్మ గారి ఆచూకీ మీ సాయం లేకుండానే దొరికింది. ఆమె ఎల్బీనగర్ వైపు క్లినిక్ పెట్టుకున్నారు. మెట్రో రెడ్ లైన్‌కు మియాపూర్ ఒక కొస, ఎల్బీనగర్ ఇంకో కొస. నెలనెలా పరీక్షకు వెళ్లిరావడం ఎలాగో అవుతుంది గాని, అర్ధరాత్రి నొప్పులు వస్తే ఊరు మొత్తం దాటి వెళ్లాలి. దగ్గరున్న నర్సింగ్ హోమ్‌లో మాట సాయం ఉంది, కాని పాత సిజేరియన్ తర్వాత మామూలు కాన్పుకు ప్రయత్నించాలంటే ఏ క్షణమైనా ఆపరేషన్‌కు, రక్తానికి, మత్తు డాక్టరుకు సిద్ధంగా ఉండాలి కాబట్టి అది కూడా అడిగి తెలుసుకోవాలి. ఈ రెండింటి మధ్య తూకం వేసుకుంటున్నాను. మూడోదిగా మీ ఆసుపత్రి ఉండవలసింది. ఆపరేషన్ థియేటరు, బ్లడ్ బ్యాంకు, మత్తు డాక్టర్లు అన్నీ ఉన్న చోటు అదే. అన్నీ ఉండి, ఫోన్ ఎత్తి జవాబు చెప్పే మనిషి లేకపోవడంతో మిమ్మల్ని ఆ తూకంలోంచి తీసేశాను.

రోగి అడిగిన 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి వృత్తి నియమావళి చెబుతోంది. రికార్డులు పొందడం, వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కులని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన పత్రంలోనూ ఉంది. ఆ నియమావళి ప్రకారం రికార్డులు భద్రపరచవలసిన గడువు మూడేళ్లు. నా ఫైలుకు ఆ గడువు ఇంకా తీరలేదు. తీరేదాకా నన్ను తిప్పుదామన్న ఆలోచన ఉంటే మానుకోండి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కేసుకు రుసుము కూడా లేదు.

కాబట్టి నా ఆపరేషన్ నోట్సు, పూర్తి కేస్ షీటు నకలు ఈ ఉత్తరం అందిన మూడు రోజుల్లో నాకు చేరాలి. ఆ డాక్టరమ్మ గారే చూస్తారని చెప్పి కట్టించుకున్న కాన్పు ప్యాకేజీ అడ్వాన్సు, లేని డాక్టరు పేరు మీద తీసుకున్న కన్సల్టేషన్ ఫీజులు మొత్తం తిరిగి ఇవ్వాలి. ఆమె మానేసిన సంగతి దాచి ఆమె పేరు మీద ఎందుకు బుకింగులు తీసుకున్నారో, నా వివరాలు ఆ కంపెనీకి ఎవరు ఇచ్చారో మీ సంతకంతో రాతపూర్వకంగా చెప్పాలి. లేని పక్షంలో వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌తో మొదలుపెట్టి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి కార్యాలయానికి, అక్కడి నుంచి వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఇన్నాళ్లూ మీ పేరు సిఫారసు చేసిన ప్రతి ఇంటికీ ఈ ఉత్తరం నకలు పంపడం మాత్రం ఈ రోజే మొదలుపెడుతున్నాను.

ఫోన్ చేయదలచుకుంటే, జవాబు చెప్పే అధికారం ఉన్నవారి చేత చేయించండి. మార్కులు అడిగే ఆయన చేత మాత్రం వద్దు.

ఇట్లు,
మీ పాత పేషంటు

జతపరచినవి: రికార్డుల కోసం డబ్బు కట్టిన రసీదు, డాక్టరు సంతకం కోసం ఖాళీగా మిగిలిన దరఖాస్తు ఫారం, ప్యాకేజీ రసీదు, "పరిష్కరించబడినది" అన్న సందేశాల నకళ్లు.