హాలు పేరే కాదు, ఆయన రాజీనామా కూడా గుర్తుంచుకోవాలి

సంపాదకుడు గారికి,

ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్ల పండుగ పేరుతో ఎక్కడ చూసినా ఫొటోలు, ప్రసంగాలు, పూర్వ విద్యార్థుల జ్ఞాపకాలు. సంతోషమే. కానీ మొదటి వైస్ చాన్స్‌లర్ కట్టమంచి రామలింగారెడ్డి గారి సంగతి వచ్చేసరికి రెండు ముక్కలతో సరిపెట్టేస్తున్నారు: గొప్ప విమర్శకుడు, వర్సిటీకి పునాది వేసినవాడు. మా వీధిలో అక్కడే చదువుకునే పిల్లల్ని అడిగితే "కాన్వొకేషన్ హాలు పేరు కదా అంకుల్" అన్నారు.

చిత్తూరు పక్కన కట్టమంచిలో 1880లో పుట్టిన మనిషి, మద్రాసులో చదివి కేంబ్రిడ్జి దాకా వెళ్లి, బరోడాలో, మైసూరులో పాఠాలు చెప్పి, మైసూరు సంస్థానం విద్యాశాఖకే పెద్ద అయ్యాడు. అంత మంచి ఉద్యోగం వదిలేసి 1921లో రాజకీయాల్లోకి దూకాడు. బ్రాహ్మణేతరుల పార్టీగా పేరున్న జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు శాసనమండలిలోకి వచ్చాడు, మళ్లీ ఆ పార్టీ మీదే తిరగబడ్డాడు. 1923 నవంబరులో ఆ పార్టీ నాయకుడు పానగల్లు రాజా నడిపిన మద్రాసు మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది ఈయనే. అనుకూలంగా 44, వ్యతిరేకంగా 65, తీర్మానం ఓడిపోయింది. ఓడిపోతే పోయింది గానీ, నిన్నటిదాకా తన పార్టీ అయిన ప్రభుత్వాన్నే సభలో నిలబెట్టి జవాబు చెప్పించాడు కదా, ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

1926లో విశ్వవిద్యాలయం వచ్చింది, ఈయన వైస్ చాన్స్‌లర్ అయ్యాడు. మొదట ఆఫీసు బెజవాడలో, తర్వాత వాల్తేరుకు. సరిగ్గా వాల్తేరులో కుదురుకుంటున్న 1930లో, ఉప్పు సత్యాగ్రహం మీద తెల్లదొరల ప్రభుత్వం విరుచుకుపడుతుంటే, ఆ అణచివేతకు నిరసనగా పదవికి రాజీనామా చేసి మళ్లీ రాజకీయాల్లోకి వెళ్లిపోయాడు. తను నిలబెట్టిన సంస్థ, అదీ ఇంకా పసిగుడ్డు, దాన్ని వదిలి వెళ్లడం ఎంత కష్టమో చేసినవాడికే తెలియాలి. ఆ కుర్చీలోకి 1931లో వచ్చింది సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఆయన 1936లో ఆక్స్‌ఫర్డ్ వెళ్లాక రెడ్డి గారు తిరిగొచ్చి 1949 దాకా నడిపారు. యుద్ధం రోజుల్లో వర్సిటీని గుంటూరుకు తరలించాల్సి వచ్చిందీ ఆయన హయాంలోనే.

పార్టీలు మార్చాడనే విమర్శ ఉంది, నిజమే. అదే తెల్లదొరల ప్రభుత్వం తర్వాత ఇచ్చిన 'సర్' బిరుదు కూడా తీసుకున్నాడు, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా కుర్చీ కోసం గోడ దూకడం వేరు, మాట కోసం కుర్చీ వదులుకోవడం వేరు. ఇప్పుడు ప్రభుత్వం మారితే చాలు, వీసీలు ఒకరి తర్వాత ఒకరు రాజీనామాలు చేసి వెళ్లిపోతున్నారు, ఎందుకు వెళ్లారో ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు. పైనుంచి ఫోన్ వస్తుందేమోనన్న టెన్షన్‌తో పనిచేసేవాళ్లు పిల్లలకు ధైర్యం ఏం నేర్పుతారు?

వర్సిటీ వాళ్లకు నాదొక విన్నపం. ఖరీదైన ఫొటోల పుస్తకం వేసుకోండి, కాదనను. దానితోపాటు రెడ్డి గారి శాసనమండలి ప్రసంగాలు, 1930 నాటి రాజీనామాకు సంబంధించిన కాగితాలు దొరికినంతవరకు ఏరి, తెలుగులో, విద్యార్థి కొనుక్కోగల ధరకు ఒక చిన్న పుస్తకంగా తెండి. హాస్టళ్ల లైబ్రరీలకు మాత్రం ఉచితంగా ఇవ్వండి.

- ఒక పూర్వ విద్యార్థి, విశాఖపట్నం