విషయం: సోషల్ డిజిటల్ పాఠాల్లో కొలవడానికి పనికిరాని పటాలు – సవరించాలని ఫిర్యాదు

కంటెంట్ విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

మీరిచ్చిన 8, 9, 10 తరగతుల తెలుగు మీడియం సోషల్ పాఠాలను తరగతి గదుల టచ్ ప్యానెళ్ల మీద నడుపుతున్నాం. నదులు, రుతుపవనాల వీడియోలు బాగున్నాయి. పటాలతోనే ఇబ్బంది.

అన్నిటికంటే పెద్ద తప్పు స్కేలుది. రెండు తెలుగు రాష్ట్రాల పటం కింద ‘1 సెం.మీ. = 50 కి.మీ.’ అని అక్షరాల్లో రాశారు. ఆ మాట కాగితం మీద అచ్చయిన పటానికే చెల్లుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు తిన్నగా గీత గీస్తే సుమారు 250 కి.మీ., అంటే అచ్చు పటం మీద 5 సెం.మీ. తెర మీద రెండు వేళ్లతో ఆ పటాన్ని రెట్టింపు చేస్తే గీత 10 సెం.మీ. అవుతుంది, కింది అక్షరాలు మాత్రం మారవు. పిల్లలు 500 కి.మీ. అంటారు. వాళ్ల లెక్క సరైనదే, పటమే తప్పు. అసలు జూమ్ చేయకపోయినా 75 అంగుళాల ప్యానెల్ మీద బొమ్మ ముందే సాగి ఉంటుంది. ఆ అక్షరాలు తీసేసి, 0–50–100 కి.మీ. గుర్తులున్న గీత స్కేలును బొమ్మలోనే కలపండి. పటంతో పాటు అదీ పెరుగుతుంది, దారం పెట్టి కొలిచినా సరిపోతుంది.

ప్రపంచ పటానికి మాత్రం ఈ మందు పనిచేయదు. అది మెర్కేటర్ ప్రక్షేపం, అంటే గుండ్రటి భూమిని చదునుగా చూపే ఒక పద్ధతి. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ అందులో బొమ్మ సాగుతుంది. భూమధ్యరేఖ దగ్గర కనిపించే దూరమే 60 డిగ్రీల అక్షాంశం దగ్గర రెట్టింపై కనిపిస్తుంది. ఆఫ్రికా గ్రీన్‌లాండ్‌కు సుమారు 14 రెట్లు పెద్దది, మీ పటంలో రెండూ ఒకే సైజు. ఖండాల వైశాల్యం పోల్చే పాఠానికి సమవైశాల్య పటం, అంటే వైశాల్యాలను అసలు నిష్పత్తిలోనే చూపే పటం ఇవ్వండి.

జిల్లాలు మరీ పాతవి. తెలంగాణలో ఇంకా 10 చూపిస్తున్నారు. 2016 అక్టోబరులో 31, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేటలతో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ 13 దగ్గరే ఆగింది, 2022 ఏప్రిల్‌లోనే ఆ లెక్క మారింది. పేర్లు, సరిహద్దులు వీడియోలో కలిసిపోయి ఉండటమే దీనికి కారణం. ఒక్క పేరు మార్చాలన్నా వీడియో మళ్లీ చేయాల్సిందే. సరిహద్దులు, నదులు, పేర్లు వేర్వేరు పొరలుగా ఇస్తే మారినదాన్నే మార్చుకోవచ్చు. పైగా పేర్ల పొర ఆపేసి పిల్లల చేత మ్యాప్ పాయింటింగ్ చేయించవచ్చు. పదో తరగతి పిల్లలకు అసలు కావలసిన సాధన అదే.

అప్‌డేట్ అంటే ప్యాకేజీ అంతా దింపుకోవాల్సి వస్తోంది, మధ్యలో నెట్ పోతే మళ్లీ మొదటికే. పాఠానికొక ఫైలుగా, పెన్‌డ్రైవ్‌లో వేసుకునేలా ఇవ్వండి.

కంప్యూటర్ గొంతు ‘క్రీ.పూ. 261’ని ‘క్రీ’ అని ఆగి ‘పూ’ అని చదువుతోంది. కళింగ యుద్ధం ఎప్పుడు జరిగిందో పిల్లలకు అందడం లేదు. స్క్రిప్టులో ‘క్రీస్తు పూర్వం’ అని పూర్తిగా రాస్తే చాలు.

స్కేలు, జిల్లాల సవరణ ముందు కావాలి. అప్పటిదాకా ఈ పటాలను ప్యాకేజీలోంచి తీసేయండి, గోడ పటాలతో పాఠం చెబుతాం. ఏ పటాన్ని ఏ తేదీకి సరిచేస్తారో రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
సోషల్ స్కూల్ అసిస్టెంట్లు